ఉద్వాసన లేని మంత్రములు

మా యింటికి చదువుకొనవచ్చు బాలికలకు మాయకథలయందు మిక్కిలి మక్కువ. వానిలో మంత్రదండము నొక్కమారు త్రిప్పిన పని యగునట. మరల త్రిప్పిన ఆ పని పోవునట. మన కావ్యములలోని మంత్రతంత్రము లింత సులభములు గావని మేము వారితో వాదింతుము. సోదరీమణులకును ఈ సంగతి రుచించునని తలంచి వ్రాయుచున్నారము.

మొదట పసరు మాట. పెద్దనగారి మనుచరిత్రమున సిద్ధు డొసగిన లేపము, పాదములకు పూసినంతనే ప్రవరుని అరుణాస్పదపురమునుండి హిమాలయమునకు గొనిపోయినది. ఆతడెంత నిష్ఠాపరుడో దానికెరుక లేదు. మంచునీట కరగినది, అంతటితో సరి. ఈ జాతి మహిమ కేవలము వస్తువునం దున్నది. పూసికొన్నవారి గుణముతో దానికి పనిలేదు. మన గోరింటాకువలె ఉన్నన్నాళ్లుండి పోవును. తుదకు ప్రవరుని ఇల్లు చేర్చినవాడు, ఆతడు నిత్యము వేల్చిన అగ్నిహోత్రుడు.

అస్త్రము తెఱగు వేరు. దానికి ప్రయోగమని, ఉపసంహారమని రెండు భాగములు. మనము పూజలో ఆవాహన చేసి, కడపట ఉద్వాసన చెప్పుదుము గదా, అట్టిదే. సౌప్తికపర్వమున అర్జునుడును అశ్వత్థామయు బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించిరి. వ్యాసనారదులు నడుమ నిలిచి వారింపగా, అర్జునుడు తన బ్రహ్మచర్యవ్రతబలమున దానిని మరలించెను. ద్రోణపుత్రునకు విడుచుట తెలిసినది గాని మరలించుట శక్యము కాలేదు. విడిచిన అస్త్ర మెచ్చటనో పడవలెను గదా! ఆతడు దానిని పాండవస్త్రీల గర్భములపైకి త్రిప్పెను. ఉత్తర కడుపులోని శిశువు మృతుడై పుట్టి, శ్రీకృష్ణుని దయచే బ్రదికెను. పోరినవారు పురుషులు, అస్త్రము పడినచోటు పురిటిల్లు. ఈ ఘట్టమునకు వచ్చునప్పుడెల్ల మాకు కొంతసేపు పుస్తకము మూసి కూర్చుండ బుద్ధియగును.

కుంతి మంత్రమునకును ఉద్వాసన లేదు. కన్యగా నున్నప్పుడు దుర్వాసుని సేవించి పడసిన ఆ మంత్రమును పరీక్షింపగోరి సూర్యుని పిలిచినది. వచ్చిన వేల్పును ఊరక మరలింప ఆమె వశము కాలేదు. పిలుచు పలుకులు చెప్పిన ముని పంపు పలుకులు చెప్పడాయెను. పసిదానిచేతికి సగము విద్య యిచ్చుట యేమి వరమో మాకర్థము కాదు. ఇచ్చినచో నిండుగ నియ్యవలెనని మా పక్షము. బడిలో నొజ్జలైన మావారు మాత్రము మునులను తప్పుపట్టరాదందురు; ఈ వాదము మా యింట నింకను తెగలేదు.

ఆ మంత్రమే పిమ్మట కుంతినుండి మాద్రికి చేరినది. ఒక్కమారే పిలువవలెనని కుంతి చెప్పగా, మాద్రి జంటదేవతలైన అశ్వినులను తలంచి కవలలను గాంచెను. పాండురాజు మాద్రికొరకు మరల నడుగగా, తాను మోసపోయితినని కుంతి ఇయ్యనన్నది. ఒక్క పిలుపున ఇద్దరు వచ్చు సూక్ష్మము, అంతకు మున్ను నాలుగుమారులు పిలిచిన కుంతికి తోచలేదు. మాద్రికి తొలిసారియే తోచినది.