జాక్సన్ పార్కులో ఒక కార్డు ముక్క

కిందటేడు చికాగోలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, అందరూ చూడమన్న ఎత్తయిన మేడలు ఒక్కపూటలో కానిచ్చేసి, జాక్సన్ పార్కుకు తీసుకెళ్ళమన్నాను. నా జేబులో ఒక కార్డు ముక్క ఉంది.

పదిహేనేళ్ళుగా ప్రపంచ ప్రదర్శనల పాత పోస్టుకార్డులు పోగుచేస్తున్నాను. నాకు ముద్దు 1893 నాటి చికాగో ప్రదర్శనవి. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్ళయిందని, ఒక ఏడాది ఆలస్యంగా జరిపిన సంబరం అది. చార్లెస్ గోల్డ్‌స్మిత్ అనే ఆయన ప్రభుత్వంవారి ఒక సెంటు కార్డుల మీద అక్కడి భవనాల రంగుల బొమ్మలు అచ్చువేయించి అమ్మాడు. వెనకవైపంతా చిరునామాకే. క్షేమసమాచారాలు బొమ్మ పక్కనున్న కాస్త జాగాలో ఇరికించాల్సిందే. బ్యాంకువాణ్ణి కదా, ఏ కాగితమైనా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. తపాలా ముద్ర లేని కార్డు నాకు సంతకం లేని చెక్కులాంటిది.

నా దగ్గరున్నది మహిళా భవనం బొమ్మ. దాని నమూనా గీసినది సోఫియా హేడెన్ అనే యువతి. కార్డు పట్టుకుని పార్కంతా తిరిగాను, ఆనవాలైనా లేదు. పైకి పాలరాతి మేడల్లా కనిపించినా అవన్నీ నార కలిపిన సున్నపు పూతలే. ఆరు నెలల ముచ్చట. 1894లో చాలామటుకు అగ్నికి ఆహుతయ్యాయి. చిత్రాలు పెట్టిన భవనం మాత్రం ఇటుకలతో కట్టారు గనుక నిలిచి, ఇప్పుడు విజ్ఞాన ప్రదర్శనశాల అయింది.

“ఆడవాళ్ళదే మిగల్చలేదన్నమాట” అంది మా ఆవిడ.

మర్నాడు ఊరి నడుమనున్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ చూశాం. ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిన సర్వమత సభలో సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. దానికి ఏడు నెలల ముందు, ఫిబ్రవరి 13న, సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో తన పశ్చిమదేశ యాత్ర గురించి ఆయన ఉపన్యసించారు.

“ఎవరివో పాత కార్డులు నీకెందుకు నాన్నా?” అని అడిగింది అమ్మాయి.

చెప్పాను. నా మొదటి పోస్టింగు రాయగడలో. బరంపురం నుంచి మా నాన్నగారు వారం వారం పదిహేను పైసల కార్డు రాసేవారు. చిరునామా ఇంగ్లీషులో, లోపలంతా తెలుగులో. ఒక బదిలీలో సామాను సర్దుతూ ఆ కట్టను పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశాను. ఆయన పోయాక గుర్తొచ్చింది. ఒక్క ముక్కయినా లేదు.

అమ్మాయి ఏమీ అనలేదు. దాని చదువంతా ఒడియా, ఇంగ్లీషుల్లో సాగింది. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయదు.

మేం బరంపురం తిరిగొచ్చిన కొన్నాళ్ళకు చికాగో నుంచి బొమ్మ కార్డు వచ్చింది. అలవాటుగా వెనక్కి తిప్పాను. నాలుగు వాక్యాలు, తెలుగులో. రెండుచోట్ల దీర్ఘాలు ఎగిరిపోయాయి.