లేక్ అవెన్యూకి పడమట

ఆల్టడీనాను నిలువునా రెండు ముక్కలు చేసే రోడ్డు పేరు లేక్ అవెన్యూ. కింద పాసడీనాలో మొదలై తిన్నగా ఉత్తరానికి ఎక్కుతూ వచ్చి శాన్ గాబ్రియెల్ కొండల మొదట్లో ఆగిపోతుంది. లాస్ ఏంజెలెస్‌కి ఈశాన్యాన, ఆ కొండల ఒడిలో ఉన్న ఈ ఊరి జనాభా సుమారు 43 వేలు. అంతమంది ఉన్నా అధికారికంగా అది నగరం కాదు. మేయరు లేడు, మున్సిపాలిటీ లేదు. ఊరివాళ్లు ఎన్నుకునే టౌన్ కౌన్సిల్ సలహా చెప్పగలదే గాని నిర్ణయం తీసుకోలేదు. పెత్తనమంతా లాస్ ఏంజెలెస్ కౌంటీది. పాసడీనాలో కలిసిపోవడం ఇక్కడ చాలామందికి ఎప్పుడూ ఇష్టం లేదు. గుర్రాలు, మేకలు పెంచుకుంటూ, వీధి అంచుకి కాలిబాట కూడా లేని చోట తమ పద్ధతిలో తాము బతకడమే వాళ్లకి నచ్చింది.

లేక్ అవెన్యూకి తూర్పున ఎక్కువగా తెల్లవారి ఇళ్లు, పడమట ఎక్కువగా నల్లవారి ఇళ్లు ఉండేవి. ఈ గీత దానంతటది పడింది కాదు. 1930లలో అప్పులిచ్చే సంస్థలు పటాల మీద కొన్ని పేటలకి ఎర్ర రంగు పులిమి, అక్కడివాళ్లకి ఇంటిరుణం ఇవ్వకూడదని తేల్చేశాయి. చాలా చోట్ల నల్లవారికి ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్నారు. తర్వాత పాసడీనాలోని నల్లవారి పేటల మీదుగా ఫ్రీవే వేశారు, కుటుంబాలకు కుటుంబాలు లేచిపోయాయి. ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధిస్తూ 1968లో ఫెడరల్ చట్టం వచ్చింది. ఫ్రీవే కింద ఇల్లు పోయినవాళ్లు, దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చినవాళ్లు, ఉపాధ్యాయులు, నర్సులు, పోస్టాఫీసు ఉద్యోగులు లేక్ అవెన్యూకి పడమట ఇళ్లు కొనుక్కున్నారు. 1980 నాటికి ఊరి జనాభాలో 43 శాతం నల్లవారే. ఆ తర్వాత ధరలు పెరిగి వాళ్ల సంఖ్య తగ్గుతూ వచ్చినా, మిగిలిన నల్లజాతి కుటుంబాల్లో దాదాపు 80 శాతానికి సొంతిల్లు ఉండేది. అమెరికా మొత్తం మీద చూస్తే నల్లవారిలో సగం మందికి కూడా సొంతిల్లు లేదు. ఆల్టడీనా గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే అని నేననుకుంటాను. అందమైన ఊరు కావడం ఆ తర్వాతి మాట.

అందానికీ లోటు లేదు. శాంటా రోసా అవెన్యూకి రెండువైపులా బారులు తీరిన దేవదారు చెట్లున్నాయి. మన హిమాలయాల జాతి. ఊరి వ్యవస్థాపకుల్లో ఒకడైన జాన్ వుడ్‌బరీ 1880లలో, తాను కట్టబోయే భవనానికి దారిగా నాటించాడు. భవనం కట్టనే లేదు, చెట్లు మాత్రం ఆకాశానికి పెరిగాయి. 1920 నుంచి క్రిస్మస్‌కి వాటికి దీపాలు కట్టడం ఆనవాయితీ. చిత్రకారుడు చార్ల్స్ వైట్ ఈ ఊళ్లో బతికాడు, ఆయన పేరున ఒక పార్కు ఉంది. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఇల్లు ఇక్కడే, సమాధీ ఇక్కడే, మౌంటెన్ వ్యూ శ్మశానంలో. అదే శ్మశానంలో పాసడీనాలో పుట్టిన రచయిత్రి ఆక్టేవియా బట్లర్ సమాధి ఉంది. 1993లో ఆమె రాసిన ‘పారబుల్ ఆఫ్ ది సోవర్’ నవలలో కథ 2024లో మొదలవుతుంది. కరువు పట్టి తగలబడుతున్న దక్షిణ కాలిఫోర్నియాలో ఊరు కోల్పోయిన ఒక నల్లజాతి పిల్ల నడిచి వెళ్లిపోయే కథ అది. 2025 జనవరిలో ఈ ఊరు తగలబడ్డాక, ఆమె భవిష్యత్తు చూసిందని అందరూ అంటున్నారు. నిజానికి ఆమె తన చుట్టూ ఉన్నదాన్ని శ్రద్ధగా చూసింది.

2024 మే తర్వాత ఆల్టడీనాలో చెప్పుకోదగ్గ వాన పడలేదు. అంతకు ముందు రెండు శీతాకాలాలు బాగా కురిసి కొండల నిండా పొదలు పెరిగాయి, అవన్నీ ఎండి ఉన్నాయి. 2025 జనవరి 7న ఎడారి వైపు నుంచి శాంటా ఆనా అనే పెనుగాలులు దిగాయి. సాయంత్రం ఆరు దాటాక ఈటన్ కాన్యన్ అనే లోయలో, కరెంటు టవర్ల కింద మంట కనిపించింది. విద్యుత్ సంస్థ పరికరాల వల్లే అగ్గి పుట్టిందంటూ తర్వాత అమెరికా ప్రభుత్వమే కోర్టుకెళ్లింది. ఆ గాలికి హెలికాప్టర్లు ఎగరలేకపోయాయి. నిప్పురవ్వలు వీధులు దాటి ఇంటి చూరుల్లోకి, వెంటిలేటర్లలోకి దూరాయి. కాసేపటికి అడవితో పనిలేకుండా ఇల్లే పక్కింటిని అంటించింది. కొన్నిచోట్ల గొట్టాల్లో నీళ్లు సన్నగిల్లి, అగ్నిమాపక సిబ్బంది చేతిలో పైపు పట్టుకుని కూడా ఏమీ చేయలేని స్థితి వచ్చింది.

లేక్ అవెన్యూకి తూర్పున ఉన్నవాళ్లకి ఇళ్లు ఖాళీ చేయమనే ఆదేశం ఆ సాయంత్రమే అందింది. పడమటివాళ్లకి అర్ధరాత్రి కూడా దాటాక, తెల్లవారుజామున 3.25 ప్రాంతంలో అందింది. అప్పటికి గంటల తరబడి అక్కడ ఇళ్లు కాలుతున్నాయి. ఈటన్ మంటల్లో 19 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు అందరూ పడమటివాళ్లు. ఎక్కువమంది ముసలివాళ్లు, కొందరు లేచి నడవలేనివాళ్లు. ఒక ఊరి దుఃఖంలో కోపం ఎందుకు కలుస్తుందో అర్థం కావాలంటే ఈ గంటల లెక్క తెలియాలి. ఎవరు ఆలస్యం చేశారు, ఎందుకు చేశారు అని అక్కడివాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు. అడగాల్సిందే.

మంటలు పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి జనవరి 31. తొమ్మిది వేల నాలుగు వందలకు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఊళ్లోని నల్లజాతి కుటుంబాల్లో 48 శాతం ఇళ్లు కాలిపోవడమో తీవ్రంగా దెబ్బతినడమో జరిగిందని, మిగతావారిలో ఇది 37 శాతమని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కకట్టారు. మారిపోసా వీధిలోని హార్డ్‌వేర్ దుకాణం పోయింది. 1955 నుంచి పొద్దున్నే కాఫీ పోస్తున్న ఫాక్సెస్ హోటల్ పోయింది. మస్జిద్ అల్ తఖ్వా పోయింది, చర్చిలు పోయాయి. థియొసాఫికల్ సొసైటీ గ్రంథాలయం పుస్తకాలతో, పాత కాగితాలతో సహా బూడిదైంది. ఇది మన మదనపల్లెకి తెలిసిన అడయారు శాఖ కాదు, 1895లో విడిపోయిన రెండో పాయ. రెండూ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ వారసత్వమే కాబట్టి ఆ వార్త నన్ను మరీ బాధపెట్టింది. దేవదార్లు మాత్రం చాలావరకు బతికాయి.

కాలిన వీధుల్లో నిలబడినవి పొగగొట్టాలు. వాటి కిందుగా ఫైర్‌ప్లేసులు. 1910లలో, 20లలో కట్టిన ఇళ్లలో చాలావాటి ఫైర్‌ప్లేసులకి ఎర్నెస్ట్ బాచెల్డర్ అనే పాసడీనా కళాకారుడి టైల్స్ అతికించి ఉన్నాయి. మట్టిరంగు, మెత్తని మెరుపు, లోపలికి దిగిన ద్రాక్షతీగలు, నెమళ్లు. బట్టీలో కాల్చినవి కాబట్టి ఇల్లంతా కాలినా అవి చెక్కుచెదరలేదు. కానీ శిథిలాలు ఎత్తేయడానికి మిలిటరీ ఇంజనీర్ల యంత్రాలు రావడం మొదలైంది, వాటికి టైలూ రాయీ ఒకటే. అందుకని కొందరు ఊరివాళ్లు వీధివీధీ తిరిగి నిలిచిన పొగగొట్టాలన్నీ రాసుకున్నారు, ఇంటివాళ్లని వెతికి అనుమతి తీసుకున్నారు. మేస్త్రీలు మాస్కులు కట్టుకుని, విషపు బూడిదలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో టైలుకీ చుట్టూ ఉన్న సున్నాన్ని ఉలితో సన్నగా తొలిచి, విరగకుండా ఊడదీశారు. ఏది ఏ వరసలో ఉందో గుర్తుపెట్టి పెట్టెల్లో సర్దారు. మళ్లీ ఇల్లు కట్టుకున్న రోజున గోడకి అతికించుకోమని ఇంటివాళ్లకే ఇస్తారు. ఇళ్లు పోయినవాళ్లకి ఊరట ఎలా ఇవ్వాలో తెలిసిన పని ఇది. ధైర్యం చెప్పడం కంటే చాలా మేలు.

అయితే ఆ గోడ లేవాలి. యాభై ఏళ్ల కిందట కొన్న ఇంటికి అప్పు తీరిపోయింది. అప్పు లేదు కాబట్టి బీమా తప్పనిసరి కాదు. ప్రీమియం పెరిగిపోయి కొందరు వదిలేశారు, కొందరిని కంపెనీలే వదిలేశాయి. బీమా ఉన్నవాళ్లకి కూడా వచ్చే సొమ్ముకీ ఇప్పుడు కట్టడానికయ్యే ఖర్చుకీ పొంతన లేదు. తాత పేరున ఉన్న ఇల్లు మనవల చేతిలో ఉంటుంది, కాగితాలు మాత్రం ఇంకా తాత పేరునే. సాయానికి దరఖాస్తు పెడితే మొదట అడిగేది ఆ కాగితాలే. మంటలొచ్చి ఏడాది నిండేసరికి పూర్తయిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ కుటుంబాలకి ఇల్లంటే బ్యాంకు, పెన్షను, పిల్లల చదువు, అన్నీ అదే. ఇంకెక్కడా చేర్చుకోనప్పుడు చేర్చుకున్న ఊళ్లో కూడబెట్టిన ఆస్తి.

బూడిద చల్లారకముందే స్థలం అమ్ముతారా అని ఫోన్లు మొదలయ్యాయి. ఊరు అమ్మకానికి లేదని రాసిన బోర్డులు కాలిన పెరళ్లలో వెలిశాయి. అయినా అమ్ముడుపోయిన స్థలాల్లో చాలా భాగం కంపెనీల పేరున రిజిస్టరయ్యాయి. అమ్మినవాళ్లని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఎనభై ఏళ్ల మనిషి మూడేళ్లు ఎదురుచూడలేరు. స్వచ్ఛంద సంస్థలు కొన్ని స్థలాలు కొని పాతవాళ్లకే అందుబాటు ధరలో ఇళ్లు కట్టివ్వాలని చూస్తున్నాయి. కంపెనీల డబ్బు ముందు ఈ డబ్బు చిన్నది.

వీళ్లందరికీ కనీసం స్థలమైనా ఉంది. గరాజు మీది గదిలో, పెరటి చిన్నింట్లో, లింకన్ అవెన్యూ చుట్టుపక్కల పాత ఇళ్లలో అద్దెకున్నవాళ్లకి అదీ లేదు. ఇళ్లల్లో పనిచేసే ఆయాలు, తోటమాలులు, సంగీతం చెప్పుకుని బతికేవాళ్లు. అదే వీధిలో ఇరవై ఏళ్లు ఉన్నారు, పిల్లలు అదే బడికి వెళ్లారు, అదే దేవదార్ల కింద దీపాలు చూశారు. పరిహారం జాబితాల్లో వాళ్లు చివర వస్తారు, కొన్నిట్లో అసలు రారు. యజమాని ఇల్లు కట్టినా పాత అద్దెకి మళ్లీ ఇవ్వాలని లేదు. బోర్డు పాతుకోవడానికి వాళ్లకి జానెడు నేల లేదు. వాళ్లు ఇప్పుడు ఎడారి అంచున పామ్‌డేల్‌లోనో, లాంకస్టర్‌లోనో, ఇంకా దూరంగానో అద్దె తక్కువున్న చోట ఉంటూ, పని కోసం రోజూ ఈ కొండ చుట్టూ తిరిగి వచ్చి పోతున్నారు.