ఎవరికీ తెలియని లోయ అంటే, ఎవరికి తెలియనిది?



ఈ మధ్య మన అనంతగిరి వైపు లోయల వీడియోలు ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. దాదాపు ప్రతి దాని కిందా ఒకటే మాట: "ఎవరికీ తెలియని ప్రదేశం". హాస్టల్లో ఒక తమ్ముడు అలాంటి వీడియో చూపించి, "అన్నా, ఇది మీ వైపేనా?" అని అడిగాడు. మా వైపే. బొర్రా గుహల కింద గోస్తనీ గెడ్డ కొండని కోసుకుంటూ పోయే ఇరుకు లోయ అది. (కొన్నిచోట్ల వాగు అంటారు, మా దగ్గర గెడ్డ అంటాం.) డిసెంబరు సెలవుల్లో నేను అక్కడ నడిచి వచ్చాను. ఆ నడక గురించీ, ఆ "ఎవరికీ" అన్న మాట గురించీ రాస్తున్నాను. కాస్త పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కితే సొరంగాలు దాటుకుంటూ బొర్రా గుహలు స్టేషన్లో దించుతుంది. బైలడిల్లా ఇనుప రాయిని ఓడరేవుకి తేవడానికి 1960లలో వేసిన లైను ఇది. దిగినవాళ్ళంతా గుహల వైపు పోతారు, లేదా జీపు మాట్లాడుకుని కటికి జలపాతానికి పోతారు. మేము ఆ రెండు దారులూ వదిలేసి కిందికి, గెడ్డలోకి దిగాం. నాతో ఇద్దరు స్నేహితులు, దారి చూపడానికి ఊరి తాత ఒకాయన. దూరం రెండు కిలోమీటర్లు దాటదు. కానీ బండల మీద ఎక్కుతూ దిగుతూ పోవాలి కాబట్టి రెండు గంటలు పట్టింది.

పైన మెట్టల మీద వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. పది నిమిషాలు దిగేసరికి ఆ పసుపు రంగు పోయి, రెండు వైపులా రాతి గోడలు లేచాయి. ఎండ గోడల పై అంచుల మీదే ఆగిపోయింది. మధ్యాహ్నం అవుతున్నా నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఒకచోట గెడ్డ రాళ్ళ కిందకి దూరి మాయమైంది. తాత ముందుకు చెయ్యి చూపించి, "అద్దో, ఆ సోట మల్లీ లేస్తాది" అన్నాడు. నిజంగానే పాతిక అడుగుల అవతల నీళ్ళు గలగలమంటూ పైకొచ్చాయి.

బొర్రాలో ఉన్నది సున్నపు రాయి. ఆకులూ వేర్లూ కుళ్ళిన నేలలోంచి దిగే వాన నీటిలో కొంచెం ఆమ్లం ఉంటుంది. ఆ నీరు సున్నపు రాయిని కరిగిస్తుంది. రాయి కరిగిన చోట గుహ. కరిగిన సున్నం బొట్టు బొట్టుగా పేరుకున్న చోట, గుహ పైకప్పు నుంచి వేలాడే ఊడలు. పాఠంలో చదివి మార్కులు తెచ్చుకున్నది అక్కడ చేత్తో తాకి చూశాను.

చుట్టూ ఉన్న కొండల రాయి వేరు. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఆ ఎర్రటి రాయిని ఖొండలైట్ అంటారు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి కొండల్లో బతికే ఖోండు ఆదివాసుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. కోణార్క్ సూర్య దేవాలయం కట్టింది ఈ రాయితోనే. ఎంతమందికి తెలుసు? రాయికి మన పేరు ఉంది. మరి గుహకి? 1807లో విలియం కింగ్ జార్జ్ అనే ఇంగ్లీషు ఆయన "కనిపెట్టాడు" అని రాస్తారు. ఊళ్ళో కథ మాత్రం వేరే. మేతకెళ్ళిన ఆవు పైనున్న కంతలోంచి పడిపోయిందట. దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల లింగంలాంటి రాయి కనిపించిందట. గోస్తని అనే పేరు కూడా ఆ ఆవుతోనే ముడిపడి ఉంది. కథ నిజమా కాదా అని వాదించను. ఆ కథలో అక్కడ మనుషులున్నారు, పశువులున్నాయి, మేత దారులున్నాయి. "కనిపెట్టాడు" అన్న వాక్యంలో మాత్రం ఎవరూ లేరు. నేటి వీడియోల్లో "ఎవరికీ తెలియని" అన్న మాట కూడా అలాంటిదే.

ఈ మాటతో వచ్చే నష్టం ఏంటో చెప్తాను. ఎవరూ లేని చోటుని ఎవరికైనా రాసిచ్చెయ్యొచ్చు. ఒకప్పుడు ఇదే బొర్రా చుట్టుపక్కల 14 గ్రామాల ప్రాంతంలో గిరిజనేతరులకీ కంపెనీలకీ గనుల లీజులు ఇచ్చారు. సమత సంస్థ కోర్టుకి వెళ్ళింది. హైకోర్టులో కేసు నిలబడలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన 1/70 చట్టం ప్రకారం ప్రభుత్వం కూడా ఒక "వ్యక్తి" కిందికే వస్తుంది కాబట్టి, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి లీజు ఇచ్చే అధికారం దానికీ లేదని చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. అంత దగ్గరగా గెలిచాం. నేను నడిచిన ఆ లోయని చూస్తే, ఆ ఒక్క జడ్జి తేడా ఎంత పెద్దదో అర్థమైంది.

ఇప్పుడు తాత సంగతి. దారి పొడుగునా ఆయన ప్రతి మలుపుకీ ఒక పేరు చెప్తూనే ఉన్నాడు. పశువులు దాటే రేవుకి ఒక పేరు, తేనె పట్టే గోడకి ఒకటి, అడ్డాకులు కోసే ఏటవాలుకి ఇంకోటి. నేను నోటు పుస్తకం తీస్తే నవ్వాడు: "ఏటి బావూ రాస్తన్నావు? ఇయి మాకు తెలీనివేటి?" ఆయనకి తెలుసు. కాగితానికే తెలీదు.

ఇది కేవలం జ్ఞాపకాల కోసం కాదు మిత్రులారా. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరు సామూహిక హక్కు అడిగేటప్పుడు సాక్ష్యాలు చూపించాలి. 2008 నుంచి అమల్లో ఉన్న నియమాల్లో 13వ నియమం చూడండి. హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. ఒక్కటే సరిపోదు, గ్రామసభ ఒకటికి మించి సాక్ష్యాలు చూడాలి. కానీ పెద్దల మాటకి చట్టంలో చోటు ఉంది. మన తాతలు పోతే ఆ సాక్ష్యం కూడా వాళ్ళతోనే పోతుంది.

అందుకే ఆ పేర్లు ఇక్కడ పెట్టడం లేదు. అవి ముందు ఆ ఊరి గ్రామసభ పుస్తకంలోకి ఎక్కాలి, తర్వాతే ఫోన్లలోకి.

ఈ సంక్రాంతి సెలవుల్లో మీరూ మీ ఊరి గెడ్డకో వాగుకో ఒక్క పూట నడవండి. ఒక పెద్దాయననో పెద్దమ్మనో వెంట తీసుకెళ్ళండి. ఏ చోటుకి ఏ పేరు, అక్కడ ఏం దొరుకుతుంది, ఏ నెలలో, ఎవరెవరు వస్తారు, ఇవి రాయండి. చెప్పినవాళ్ళ సంతకమో వేలిముద్రో తీసుకుని అటవీ హక్కుల కమిటీకి ఇవ్వండి. వానాకాలంలో మాత్రం గెడ్డలోకి దిగకండి. మన నెత్తిన ఎండ ఉన్నా, పైన కొండల్లో వాన పడితే కింద నీరు ఒక్కసారిగా వచ్చేస్తుంది. తీసుకెళ్ళిన ప్లాస్టిక్ వెనక్కి తెచ్చేయండి. ఈ గోస్తనీ నీళ్ళే కింద తాటిపూడి రిజర్వాయరులోకి చేరి విశాఖ కుళాయిల్లోకి వస్తాయి, మన హాస్టల్ కుళాయిలోకి కూడా.

మీరు రాసింది ఎలా ఫైలు చెయ్యాలో తెలియకపోతే కింద అడగండి. సీనియర్లు చాలామంది ఉన్నారు, చెప్తారు.

జై ఆదివాసీ.