చెరిపిన జాడ

తడకు చేరువనున్న పులికాటు సరస్సు వేసవిలో పలుచోట్ల ఎండి, బురదనేల బయటపడును. దానిపై పక్షుల అడుగులు అచ్చొత్తినట్లుండును. ఆ గుర్తుల నడుమ ఒక పట్టె మాత్రము నున్నగా నున్నచో, అచ్చటికి పక్షులు రాలేదని చూపరి తలపడు; ఎవరైన ఊడ్చిరేమో యని సందేహించును.

కంప్యూటరును పరీక్షించు నేరపరిశోధకుని చూపును ఇట్టిదే. ఒక ఫైలును తొలగించినచో, కంప్యూటరు సాధారణముగా ఆ చోటు ఖాళీ యని గుర్తుంచుకొనునే కాని, హార్డుడిస్కులోని సమాచారమును వెంటనే చెరపదు. దానిపై వేరొకటి వ్రాయబడువరకు అది నిలిచియుండును. కావుననే చాలకాలము వాడిన డిస్కులోని ఖాళీ చోట్ల పాత తునుకలు దొరకును. అచ్చట అంతయు సున్నలే యున్నచో, ఎవరో పనిగట్టుకొని తుడిచిరన్న అనుమానము కలుగును.

అయినను తొందర కూడదు. కొన్ని కొత్తరకపు డిస్కులు ఖాళీ చోటును తమంతట తామే శుభ్రపరచుకొనును. అందుచే పరిశోధకుడు తుడిచివేయు సాధనము కంప్యూటరులో ఎప్పుడు చేరినదో, ఏ వేళ నడచినదో, కంప్యూటరు వ్రాసికొను చర్యల పట్టికలో ఏ గంటలు లోపించినవో పోల్చి చూచును.

ఇట్టి పరిశోధన యొక్క అవసరము హైదరాబాదులోనే కనబడినది. 2024 మార్చిలో అచ్చటి పోలీసులు ఫోన్ ట్యాపింగు కేసును నమోదు చేసిరి. 2023 డిసెంబరు 4వ తేదీ రాత్రి నిఘా కార్యాలయములో కెమెరాలను ఆపి, హార్డుడిస్కులను ధ్వంసము చేసిరని అందలి అభియోగము. డిస్కుల ముక్కలకై మూసీనదిలో వెదకవలసి వచ్చెను. నిజానిజములు తేల్చుట న్యాయస్థానపు పని.

ఖాళీ చోటు ప్రశ్నను లేవనెత్తును, నేరమును నిర్ణయింపదు. ఈ భేదమెరిగిన పరిశోధకుడే దోషిని పట్టగలడు, నిర్దోషిని కాపాడగలడు.