సొర నెలలు

ఏప్రిల్ 12, విశాఖ చేపల రేవు

వేట నిషేధానికి ఇంకెన్నో రోజులు లేవు. మరబోట్లు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. ఐసు మీద పాల సొరలు కుప్ప పోసి ఉన్నాయి, మూరెడు కూడా లేనివే ఎక్కువ. మగవాటిని గుర్తుపట్టడం తేలిక. కటి రెక్కల లోపలి అంచున రెండు కడ్డీలుంటాయి. మెత్తగా వంగితే పిల్లది, గట్టిగా నిలిస్తే ఈడొచ్చింది. నేను ఒక్కోదాన్నీ వంచి చూస్తుంటే కుప్ప వెనక కూర్చున్న అవ్వ నవ్వింది. "దాని మగతనంతో మీకేటి పని బాబూ? తూకమెయ్యమంతారా?"

అదే రాత్రి

రేవులో కొన్న ఆడ సొర కడుపు కోశాను. రెండు గర్భసంచులు, వాటిలో వరసగా పిల్లలు, ఒక్కోదానికీ ఒక తాడు. బీఎస్సీలో మాకు కోయడానికి ఇచ్చింది ఈ పాల సొరనే, అంటే స్కోలియోడాన్‌నే. దీని మీద తిల్లాయంపాలం రాసిన పుస్తకం 1928 నాటిది. పరీక్ష కోసం కపాల నాడులు బట్టీ పట్టాం గానీ గర్భసంచి వైపు కన్నెత్తి చూసినవాళ్లు లేరు. చూడాల్సింది అక్కడే. అండం మిల్లీమీటరంత, సొన దాదాపు లేదు. బిడ్డ భారమంతా మాయదే. సొర పిల్లకు బొడ్డుతాడు ఉంటుందని అరిస్టాటిల్ రాశాడు. అది నిజమేనని 1842లో యోహానెస్ ముల్లర్ వివరంగా నిరూపించేదాకా చాలామందికి నమ్మకం కుదరలేదు.

ఏప్రిల్ 21

ఇవాళ సొర వృషణం స్లైడు. మనకున్నట్టు పొడవాటి నాళికలు కావు, గుండ్రటి తిత్తులు. ఒక తిత్తిలో కణాలన్నీ ఒకే దశలో ఉండి కలిసే ఎదుగుతాయి. తిత్తులు ఒక అంచున పుట్టి అవతలి అంచుకు జరిగేకొద్దీ ముదురుతాయి, బడిలో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా గదులు వరసగా ఉన్నట్టు. నెలల తరబడి సాగే పని ఒక్క అడ్డకోతలో కళ్లకు కడుతుంది. శుక్రకణం తయారీ చదివేవాళ్లకు ఇలాంటి వృషణమున్న ముళ్ల సొర అంటే అంత మక్కువ ఇందుకే. అన్ని సొరల్లోనూ ఇదే అమరిక ఉండదు, సొరలకు దగ్గరి బంధువులైన టేకు చేపల్లోనూ వేరు.

చివరికి తిత్తి తెరుచుకుంటుంది. బయటికొచ్చే శుక్రకణం తల మెలితిరిగి ఉంటుంది. దాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

మే 7

మగదాని పని ముగిసినంత మాత్రాన ఆడదాని పని మొదలైనట్టు కాదు. అండవాహికలో గుడ్డుకు పెంకు కట్టే గ్రంథి ఒకటుంది. వచ్చిన శుక్రకణాలు దాని మడతల్లో ఆగిపోతాయి. సుత్తితల సొరల్లో చిన్నవాటిలో ఒకటైన బానెట్‌హెడ్ చలికాలానికి ముందు జతకట్టి, వసంతం దాకా వాటిని దాస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియంలో ఒక వెదురు సొర 45 నెలలు దాచిందని, ఆ తర్వాత పెట్టిన గుడ్డులోంచి పిల్ల బయటికొచ్చిందని 2015లో ప్రకటించారు. దాదాపు నాలుగేళ్లు!

1995లో తైవాన్ దగ్గర దొరికిన తిమింగల సొర కడుపులో 300 పిల్లలు. కొన్ని ఇంకా పెంకులోనే ఉన్నాయి, కొన్ని పుట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటిలో 29 పిల్లల్ని పరీక్షిస్తే అన్నిటికీ తండ్రి ఒక్కడే. ఒకసారి జతకట్టి, విడతలు విడతలుగా గుడ్లు ఫలదీకరించుకుందని ఊహ.

మే 9

2001 డిసెంబరులో అమెరికాలోని ఒమాహా జూలో మగ తోడు లేని బానెట్‌హెడ్‌ల తొట్టిలో పిల్ల పుట్టింది. ఎప్పటిదో దాచిన శుక్రమై ఉంటుందని అనుకున్నారు. 2007లో డీఎన్‌ఏ ఫలితం వచ్చింది. తండ్రే లేడు.

మే 28

ఇంట్లో సొర పిట్టు. బాలింతకు పాలు పడతాయని మా వైపు నమ్మకం. టేకు చేప మాత్రం తన పిల్లకు నిజంగానే కడుపులో పాలిస్తుంది. గర్భసంచి గోడ నుంచి సన్నటి పోగులు దిగి, కొవ్వు నిండిన ద్రవాన్ని స్రవిస్తాయి.

జూన్ 13

ఎల్లుండి బోట్లు కదులుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల విరామం. లక్షల గుడ్లు నీళ్లలో వదిలే చేపలకు అది మేలే చేస్తుంది. పాల సొరకు ఒక రుతువంటూ లేదు, ఏడాది పొడుగునా కడుపుతో ఉన్నవి కనిపిస్తూనే ఉంటాయి. చల్లటి సముద్రాల ముళ్ల సొర పిల్లను మోసేది దాదాపు రెండేళ్లు. ఇలాంటి వాటికి ఏ రెండు నెలలు చాలుతాయి? వల కన్ను పెద్దది చేయాలి, బతికున్న తల్లుల్ని వదిలేయాలి. నాకు తోచిన దారి అదే.

ఒక సరంగుతో ఆ మాటే అన్నాను. వలలో పడ్డ టేకు డెక్కు మీదే ఈనేస్తుందని అతనే చెప్పాడు. తల్లినైనా వదలొచ్చు కదా అంటే, "వదిలేత్తాం బాబూ, డీజిలు డబ్బులెవలిత్తారు?" అన్నాడు. గుజరాత్‌లో తిమింగల సొర చిక్కితే వల కోసి వదిలినవాళ్లకు అటవీ శాఖ పరిహారం ఇస్తుందని చెప్పాను. అతను కాసేపు లెక్కేసుకున్నాడు.

"టేక్కీ ఇత్తారేటి?"