జపానుదేశమున మేము చూచిన చిన్న వింతలు

దూరదేశము పోయి తిరిగివచ్చినవానిని మన గోదావరి జిల్లాలవారు అడుగు ప్రశ్నలు రెండే. మొదటిది "అక్కడ ఏమి తిన్నారండీ?" అనునది, రెండవది "ఎంత మిగిల్చారండీ?" అనునది. మేము జపానుదేశమునుండి వచ్చి పది సంవత్సరములు దాటినను ఈ రెండు ప్రశ్నలకును నేటికిని సమాధానము చెప్పుచునే యున్నాము. మూడవ ప్రశ్న అడుగువారు మా విద్యార్థులు మాత్రమే. "అక్కడ మీకు వింతగా తోచినదేమిటి, మాష్టారూ?" అని వారడుగుదురు. వేగముగా పోవు రైళ్లను గూర్చియు, ఆకాశమంటు మేడలను గూర్చియు చెప్పుదుమని వారి యాశ. అవి మేము పోకమునుపే బొమ్మలలో చూచినవి. బొమ్మలలో కానరాని చిన్న సంగతులే మమ్ము నిజముగా ఆశ్చర్యపఱచినవి. వానిలో కొన్నిటిని ఈ సంచికయందు మా ప్రియ విద్యార్థులకొఱకు వ్రాయుచున్నాము.

మాది కొల్లేటి లంకగ్రామము. ఉన్నత పాఠశాల చదువును, ఉపాధ్యాయ శిక్షణమును ఏలూరునందు ముగించి, తాడేపల్లిగూడెమునందు మొదట బడిపంతులుగా కుదిరితిమి. జపాను ప్రభుత్వ విద్యాశాఖవారు అన్యదేశముల ఉపాధ్యాయులకు ఒకటిన్నర సంవత్సరము విద్యార్థివేతన మొసగు పద్ధతి యొకటి కలదు. ఐదేండ్లు బోధించి, ముప్పదియైదేండ్లు నిండనివారు దానికి అర్హులు. మొదటి ఆఱునెలలు జపాను భాష, పిమ్మట బోధనాశాస్త్రము. ఆ వేతనముతో మేము 2012వ సంవత్సరము అక్టోబరు నెలలో బయలుదేరితిమి.

మా నాయనమ్మకు ఈ ప్రయాణము రుచింపలేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడ రేవుమీదను బాంబులు వేసినప్పుడు ఆమె చిన్నపిల్ల. ఆ యుద్ధకాలమున తాడేపల్లిగూడెమునందు వేసిన విమానముల దారి ఆమెకు బాగుగా తెలియును. "బాంబులేసినోళ్ల ఊరికా నాయనా నువ్వెళ్లేది?" అని యడిగి, చీర చెఱగుతో కన్నులొత్తుకొని, త్రోవలో తినుటకు ఉప్పుచేపలు మూటగట్టి యిచ్చినది.

మమ్ము పంపిన పట్టణము పేరు ఓత్సు. అది బివా సరస్సు ఒడ్డున నున్నది. జపానులోని సరస్సులన్నిటిలో బివా పెద్దది. వైశాల్యము సుమారు 670 చదరపు కిలోమీటరులు. కొల్లేటివానిని కొల్లేటి యొడ్డునకే పంపినట్లాయెను.

మొదటి వింత అక్షరములలో ఎదురయ్యెను. మన పిల్లలు ఏబదియాఱు అక్షరములకే విసుగుకొందురు గదా! జపాను బాలుడు హిరగానా అను లిపిలో 46, కతకానా అను లిపిలో 46 అక్షరములు నేర్చి, అటుపై కంజి అను చైనా అక్షరములకు దిగవలెను. వారి ప్రభుత్వము 2010లో నిత్యవ్యవహారమునకు నిర్ణయించిన కంజి అక్షరములు 2,136. ఈ లెక్క విని గుండె జాఱిన మాకు, హిరగానా వరుస చదువుటతో ప్రాణము కుదుటపడినది. అ, ఇ, ఉ, ఎ, ఒ. పిమ్మట క, స, త, న, హ, మ, య, ర, వ. ఇది మన ఓనమాలకు చుట్టముగాక మఱేమి? పూర్వము బౌద్ధభిక్షువులు చైనా మార్గమున కొనిపోయిన సంస్కృత వర్ణక్రమమే ఈ వరుసకు మూలమని పండితులు చెప్పుదురు.

మా యూరి పేరు చెప్పుట మాత్రము కష్టమాయెను. జపాను భాషలో లకారము లేదు; దాని స్థానమున రకారమే పలుకుదురు. ఏలూరు ఏరూరైనది, కొల్లేరు కొరేరైనది. తమ్మిలేరు మన పట్టణము ప్రక్కనే పాఱుచున్నది గావున, ఏరూరనుట పూర్తిగా తప్పు గాదని సమాధానపడితిమి.

వ్యాకరణములో మఱింత వింత కలదు. మనము "తిని చూడుము" అన్నప్పుడు చూచుట కంటిపని గాదు. జపానువారును "తాబెతె మిరు" అందురు. తాబెతె అనగా తిని. మిరు అనగా చూచు. మనము "చేసి ఉంచు" అన్నచోట వారు "త్సుకుత్తె ఓకు" అందురు. ఓకు అనగా ఉంచు. క్రియ వాక్యము చివరనే వచ్చును. విభక్తి నామమునకు వెనుకనే చేరును. మా ప్రక్కన కూర్చుండిన మెక్సికోదేశపు ఉపాధ్యాయిని వాక్యమును తలక్రిందులు చేయలేక చెమటోడ్చుచుండగా, మేము తెలుగుమాట తీసి జపానుమాట పెట్టుకొనుచు పోయితిమి. ఇంతమాత్రమున రెండు భాషలును ఒక తల్లి బిడ్డలని యనరాదు. ఓనో సుసుము అను పండితుడు జపాను భాషకు తమిళముతో సంబంధము కలదని వాదించెను గాని, భాషాశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దానిని అంగీకరింపలేదు.

మేము ఒక వృద్ధురాలి యింట గది అద్దెకు తీసికొని యుంటిమి. మొదటి దినము ఉదయము మేము గడపదాటుచుండగా ఆమె మాచేత ఒక మాట పలికించినది: "ఇత్తెకిమాసు." దాని యర్థము "వెళ్లి వచ్చెదను" అని. మన యిండ్లలో "పోవుచున్నాను" అన్నచో పెద్దలు నోరు మూయింతురు, "వెళ్లొస్తాను" అనవలెను. సముద్రములు దాటి వచ్చినచోట మా అమ్మ నేర్పిన మాటనే మరల నేర్చుకొంటిమి. బదులుగా ఆమె "ఇత్తెరస్షాయి" అనును. అనగా "వెళ్లి రమ్ము" అని. ఇల్లు విడిచిన దుఃఖము ఆ దినమున మాకు సగము తగ్గినది.

"హై" అను మాటయు అట్టిదే. పెద్దలు మాటలాడుచుండగా వారు నడుమ నడుమ "హై, హై" అందురు. మన గోదావరి తీరమున "ఆయ్" అందుము గదా! రెండును "చిత్తము, వినుచున్నాను" అనుటయే గాని "ఒప్పుకొంటిని" అనుట కాదు. ఒప్పుకొననప్పుడు వారు "కాదు" అని ముఖముమీద చెప్పరు. "చొత్తొ…" అని సాగదీసి ఊరకుందురు. ఆ మాటకు "కొంచెము" అని యర్థము. కొంచెము ఏమో చెప్పరు. మన యూళ్లలో సంబంధము నచ్చని పెద్దమనిషి "చూద్దాంలెండి" అనుటవంటిదే యిది.

తిండి విషయమున మాకు కలిగిన ఇబ్బంది స్వల్పము. బివా సరస్సులో దొరకు నిగోరోబునా అను చేపను నెలలకొలది ఉప్పులోను, పిదప నెలలకొలది అన్నములోను ఊరవేసి ఫునాజుషి అను వంటకము చేయుదురు. దాని వాసనకు మా సహాధ్యాయులు కొందఱు గది విడిచిపోయిరి. ఉప్పుచేపల నడుమ పెరిగిన మేము రెండవసారి అడిగి తింటిమి.

స్నానము మాత్రము మమ్ము కలవరపఱచినది. ఆ దేశమున ఇంటివారందఱును ఒక్క తొట్టి వేడినీటిలోనే ఒకరి తరువాత నొకరు దిగుదురు. వెలుపల పీటపై కూర్చుండి, ఒడలు తోముకొని, నీళ్లు పోసికొని, పరిశుభ్రమైన పిదపనే తొట్టిలో దిగవలెను. మొదట దిగు మర్యాద అతిథిది. ఆ వృద్ధురాలు మమ్ము తొలుత పొమ్మనెను. మా నాయనమ్మ బాల్యమున మా పేటవారికి ఊరి చెఱువులో వేఱు రేవు ఉండెడిది; పైరేవు నీటిని వారు ముట్టరాదు. మేము దిగిన నీటిలోనే ఆ యింటి పెద్ద దిగునని తెలిసిన ఆ రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

ఆఱునెలలు గడచిన పిమ్మట మమ్ము ప్రాథమిక పాఠశాలలకు కొనిపోయిరి. మధ్యాహ్నము పిల్లలే తెల్లని టోపీలు పెట్టుకొని తోడివారికి భోజనము వడ్డించిరి. భోజనానంతరము సంగీతము మ్రోగెను. వెంటనే పిల్లలందఱును తడిగుడ్డలు పట్టుకొని వసారాపై మోకాళ్లూని వరుసగా తుడుచుచు పోయిరి. ప్రధానోపాధ్యాయుడును చొక్కా చేతులు మడిచి మెట్లు తుడుచుచుండెను. తరగతి గోడమీద ఒక చక్రము వ్రేలాడుచుండెను. ఏ దినము ఏ పని ఎవరి వంతో అందు వ్రాసియుండెను. వంతును వారు "తోబన్" అందురు. ఆ చక్రములో ధనికుని బిడ్డయు, కూలివాని బిడ్డయు సమానముగా తిరుగుచుండిరి.

ఆ వసారాలో నిలుచుండగా మాకు మా నాయనమ్మ జ్ఞాపకము వచ్చినది. ఆమె నలుబదియేండ్లు ఊరిలో ఇతరుల వాకిళ్లు ఊడ్చినది. ఎవరును ఆమెను వంతు అడుగలేదు. ఆ చీపురు ఆమెకు పుట్టుకతోనే వచ్చినది. మన మిషను వసతిగృహములలో పిల్లలు ఊడ్చుకొను వాడుక పూర్వమునుండి కలదు. కాని మేము చిన్ననాడు చదివిన బడులలో చీపురు ఎవరి చేతికి పోవలెనో చక్రము చూడకయే అందఱకును తెలియుచుండెను.

ఈ దేశమున ఇట్టి భేదము ఎన్నడును లేదు కాబోలునని మాకు తోచినది. ఆ మాటనే మా భాషోపాధ్యాయుని అడిగితిమి: "పూర్వము ఈ దేశమున పశువుల చర్మములు ఒలుచువారు, చచ్చినవానిని మోయువారు ఎవరు?" ఆయన మంచివాడు; ఏ ప్రశ్నకైనను బల్లపై బొమ్మ గీసి చెప్పువాడు. ఆ దినమున మాత్రము కిటికీవైపు చూచి "అది… చొత్తొ…" అని ఊరకుండెను. ఆ చొత్తొకు అర్థము మాకు అప్పటికే తెలియును. మేము గ్రంథాలయమునకు పోయితిమి.

జపానునందును అట్టి పనులు చేయువారిని తరతరములు వేఱు పేటలలో నుంచిరి. 1871లో ప్రభుత్వము వారి హీననామములను రద్దుచేసినను, పెండ్లిండ్లలోను, ఉద్యోగములలోను వెలి పోలేదు. 1922 మార్చి 3వ తేదీన వారే క్యోటో నగరమున కూడి "సుయిహేయిషా" అను సంఘమును స్థాపించుకొనిరి. ఆ పేరులో మొదటి అక్షరమునకు నీరు అనియు, రెండవదానికి సమము అనియు అర్థము. నీటిమట్టమువలె అందఱును సమముగా నుండవలెనని దాని భావము. మేము కూర్చుండిన గ్రంథాలయమునుండి క్యోటో రైలుమీద పది నిమిషముల దూరము.

ఈ సంగతి తెలిసి మేము జపానును తక్కువగా చూడలేదు. పైగా ధైర్యము తెచ్చుకొంటిమి. ఆ పిల్లల చేతి తడిగుడ్డ వారి రక్తములోనుండి వచ్చినది కాదు. దానిని ఎవరో నిర్ణయించి, ప్రతిదినము తప్పక నడిపించిరి. నిర్ణయించి నడిపింపదగినది మనయందును నడుచును. బివా సరస్సు కథయు ఇదియే. 1977లో ఆ నీరు ఎఱ్ఱబాఱి కంపుగొట్టినప్పుడు, గంజి, గిన్నె కడుగు ఇల్లాండ్రే కారణము వెదకి, భాస్వరము కలిసిన బట్టలపొడి మానివేసి సాధారణ సబ్బు పట్టిరి. 1979లో ప్రాంతీయ సభ దానికి తగిన శాసనము చేసినది. 1981 మొదలు జులై 1వ తేదీని బివా దినముగా పాటించుచు, ప్రజలే తీరమును ఊడ్చుదురు. అంతర్జాతీయ రామ్‌సార్ పట్టికలో బివా 1993లోను, మన కొల్లేరు 2002లోను చేరినవి. పట్టికలో రెండును ఒక్కటే. మన పట్టణముల మురుగు కొల్లేటిలోనికే పోవుచుండగా దానికి చీపురు పట్టవలసినవారు వేఱెవరో యున్నారని మనము తలచుచున్నాము.

2014 మార్చి నెలలో తిరిగివచ్చి, మా తరగతి గోడకు అట్టతో ఒక చక్రము చేసి తగిలించితిమి. మొదటి వంతు మాదే. రెండవ వారమున ఒక పెద్దరైతు, తన కుమారుని పేరు చక్రములో చూచి, కోపముతో వచ్చెను. "మా అబ్బాయి చదువుకోడానికి వచ్చాడండీ, ఊడవడానికి కాదండీ" అనెను. "అందఱును చదువుటకే వచ్చినారు, అందఱును ఊడ్చుచున్నారు. నిన్న ఊడ్చినది మేము" అని విన్నవించితిమి. ఆయన చీపురువంక చూచి, మావంక చూచి, "ఆయ్, చూద్దాంలెండి" అని లేచిపోయెను. ఆ మాటను జపాను భాషలోనికి మార్చుట మాకు కష్టము కాలేదు.

సోమవారము ఆ బాలుడు బడికి రాడేమో యని చూచుచుంటిమి. గంట కొట్టుటకు ముందే వచ్చినాడు. చంకలో పుస్తకములును, చేతిలో నాలుగు మడతలు వేసి కుట్టిన పాత పంచెముక్కయు ఉన్నవి. "మా అమ్మ కుట్టిందండీ" అని చెప్పి, తన వంతు ఏ వసారాయో చక్రములో వెదకుకొనుచుండెను.