లువార్ నది కరకట్టమీద సైకిలు ప్రయాణము

గడచిన వేసవి సెలవులలో నేను ఫ్రాన్సు దేశమునకు పోయి, లువార్ నది వెంబడి ఓర్లెయాన్ నగరము మొదలుకొని నాంత్ నగరము వఱకు సుమారు 400 కిలోమీటరులు సైకిలుమీద ప్రయాణము చేసితిని. నా మేనల్లు డొకడు ఓర్లెయాన్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అతడు చాలకాలమునుండి రమ్మని పిలుచుచుండగా ఈ యేటికి గాని నాకు వీలుపడలేదు. తోడి యుపాధ్యాయులు "ఆ దేశమున రైళ్లు లేవా మాస్టారూ, సైకిలేల?" అని నవ్విరి. రైళ్లు గలవు, మిక్కిలి వేగముగ పోవునవియు గలవు. కాని నేను ఇరువది యేండ్లుగా సైకిలుమీదనే బడికి వచ్చువాడను. సైకిలుమీద పోవువానికి నేలయొక్క ఎత్తుపల్లములు మోకాళ్లకు తెలియును. ఊరి వాకిట ఎవరేని పలుకరించినచో దిగి నిలువవచ్చును. చరిత్ర పాఠము చెప్పువానికి ఇంతకంటె తగిన వాహనము లేదని నా యభిప్రాయము.

లువార్ ఫ్రాన్సు నదులలో అన్నిటికంటె పొడవైనది. దాని పొడవు సుమారు 1,000 కిలోమీటరులు. దాని యొడ్డున సైకిళ్లకై యేర్పఱచిన బాట సుమారు 900 కిలోమీటరులు గలదు. అట్లాంటిక్ సముద్రమునుండి నల్లసముద్రము వఱకు ఐరోపా ఖండమును అడ్డముగ దాటు పెద్ద సైకిలు బాటలో ఇదియొక భాగము. చాలచోట్ల ఈ బాట కరకట్టమీదనే పోవును. కరకట్ట యనగా మన కృష్ణ కరకట్ట వంటిదే. ఒక ప్రక్క నది, మఱియొక ప్రక్క పల్లమున పొలములు, ఇండ్లు. 12వ శతాబ్దినుండి వారు ఈ కట్టలు వేయుచు, తెగినపుడెల్ల మరల వేయుచు వచ్చిరి. నదియు మన కృష్ణవలెనే వేసవికి చిక్కి, ఇసుకతిన్నెలు బయటపెట్టి, నడుమ లంకలతో పాయలు పాయలుగా నుండును. మొదటి దినమున ఆ తిన్నెలను చూచినపుడు నేను పరదేశమున నుంటినన్న మాట మఱచితిని.

అక్కడి యూళ్లలో వంతెనలమీదను, రేవు గోడలమీదను వరద యెంతవఱకు వచ్చినదో గీతలు చెక్కి, సంవత్సరములు వ్రాసియుంచిరి. 1846, 1856, 1866: ఈ మూడును మాటిమాటికి కనబడును. కొన్నిచోట్ల ఆ గీత నా తలకంటె ఎత్తున నున్నది. మన బందరున 1864 సం॥ ఉప్పెనలో వేలకొలది జనులు మునిగిపోయిరి. 1977 సం॥ దివిసీమ ఉప్పెన సంగతి మీ తాతలు చెప్పియే యుందురు. మన వీధి గోడలమీదను ఇట్టి గీత లుండవలెనని నాకు తోచినది.

దారిలోని సుఖదుఃఖములను గూర్చి కొంచెము చెప్పెదను. అక్కడ గాలి సాధారణముగా పడమటినుండి, సముద్రమువైపునుండి వీచును. నేను పోవలసినది పడమటికే. కనుక పదిదినములలో ఏడుదినములు ఎదురుగాలియే. తెల్లవాఱగనే ఏదేనొక యూరి రొట్టెల దుకాణమున మూరెడు పొడవున్న రొట్టె కొని, వెనుక క్యారియరుకు కట్టుకొని, నడుమ త్రుంచుకొని తినుచు పోతిని. రెండు పంక్చరులు పడినవి. రెండవసారి ద్రాక్షతోటలో పనిచేయు ఒక ముసలాయన నా చేతిలోని పంపు తీసికొని తానే గాలి కొట్టెను. మా యిద్దఱికి పొత్తైన భాష లేకపోయినను, పని జరుగుటకు అడ్డము కాలేదు. ఎంత చిన్న యూరైనను దాని నడుమ 1914–1918 యుద్ధమున చచ్చినవారి పేళ్లు చెక్కిన రాయి యొకటి యుండును. నాలుగు వీధుల యూరిలో ముప్పది పేళ్లు. అందు ఒకే యింటిపేరు మూడుమార్లు. అట్టి రాళ్లను దాటి పోవునపుడు తొక్కుడు తనంతట నెమ్మదించును.

ఇక కోటలు. ఓర్లెయాన్ నగరమున జోన్ అను పల్లెపడుచు 1429 సం॥ మే మాసమున ఆంగ్లేయుల ముట్టడిని విడిపించిన కథ మీరెఱిగినదే. ఊరంతయు ఆమె బొమ్మలే. అచ్చటినుండి షాంబోర్‌కు పోతిని. దీనిని మొదటి ఫ్రాన్స్వా రాజు 1519 సం॥మున మొదలుపెట్టించెను. వేటకొఱకు కట్టిన యిల్లట! నాలుగువందలకు పైగా గదులు, చుట్టును 32 కిలోమీటరుల ప్రహరి. ఒకదానిలో నొకటి పెనవైచుకొన్న రెండు మెట్లదారులు గలవు. ఒకదానిమీద ఎక్కువాడును, రెండవదానిమీద దిగువాడును కిటికీలగుండ ఒకరినొకరు చూచుకొందురే గాని కలిసికొనరు. పిల్లలు దానిమీద సంతోషముగ పరుగెత్తుచుండిరి. కట్టించిన రాజో, తన రాజ్యకాల మంతటిలో అక్కడ గడపిన దినములు కొలదిగా రెండు మూడు నెలలకు మించవు. నా కా కోట నచ్చలేదని చెప్పుటకు సంకోచింపను. 1939 సం॥మున యుద్ధభయముచే పారిసు నగరపు లూవ్ర్ ప్రదర్శనశాలలోని చిత్రములను ఇచ్చట దాచిరి. ఆ గదులు అప్పటికైన ఒక మంచి పనికి వచ్చినవి.

బ్లువా కోటలో 1588 సం॥ డిసెంబరు 23వ తేదీని మూడవ హెన్రీ రాజు తన ప్రబల శత్రువైన గీజ్ ప్రభువును పిలిపించి, తన గదిలోనే పొడిపించెను. ఇరువురును కథోలిక్కులే. ఎనిమిది నెలలలో రాజును ఒక సన్న్యాసి పొడిచెను. ఆ గది మిగుల అందముగ నున్నది. ఆంబువాజ్ కోటలో చిన్న ప్రార్థనాలయమున లియొనార్డో డా విన్చీ సమాధి గలదు. ఫ్రాన్స్వా పిలువగా 1516 సం॥మున వచ్చిన యా మహాశిల్పి 1519 మే 2వ తేదీని ఆ యూరనే కన్నుమూసెను. ఆ సమాధినుండి కొంచెము దూరము నడచినచో నదివైపున ఇనుప కమ్ముల వసారా కనబడును. 1560 సం॥మున రాజును వశపఱచుకొనుటకు కుట్ర చేసిరని ప్రొటెస్టంటులను వందలకొలది చంపించి, కొందఱి దేహములను ఆ కోట వసారాలకు వ్రేలాడదీసిరి. క్రింద పూలతోట, పైన కెమేరాలతో జనులు.

నేను ప్రొటెస్టంటు మిషను పాఠశాలలో చదివి, అట్టి పాఠశాలలోనే చదువు చెప్పువాడను. ఈ చరిత్రను పుస్తకమున చదువునపుడు హతులు మనవారు, హంతకులు పెఱవారు అని తోచుట సులభము. ఆ యుద్ధములలో మాత్రము ఇరుపక్షములవారును దేవుని పేరనే కత్తి దూసిరి. పట్టణములు చేతికి చిక్కినపుడు ప్రొటెస్టంటులును దేవాలయములను పగులగొట్టి గురువులను చంపిరి. ఇది ఆ వసారా క్రింద నిలిచి తలచుకొనవలసిన మాటయే.

షెనోన్సో కోటను చూచిన పిమ్మట నా మనస్సు కుదుటపడినది. అది షేర్ అను ఉపనదిపై వంతెనవలె కట్టబడినది. నదిమీదుగా పోవు దీర్ఘశాల 60 మీటరుల పొడవున్నది. రాణులు నాట్యోత్సవములు జరిపిన యా శాలను 1914 మొదలు 1918 వఱకు ఆసుపత్రిగ మార్చి, దాని యజమానులైన చాకలేటు వర్తకులు రెండువేలకు పైగా గాయపడిన సైనికులకు చికిత్స చేయించిరి. మంచమునుండియే కిటికీలోనుండి గాలము వేసి చేపలు పట్టినవారును గలరట. మరల 1940 సం॥మున జర్మనులు దేశమును రెండుగ చీల్చినపుడు సరిహద్దు ఈ నదియే యైనది. ఉత్తరపు వాకిలి శత్రువుల యేలుబడిలోను, దక్షిణపు వాకిలి వెలుపలను ఉండెను. ఆ శాలగుండ తప్పించుకొని పోయినవారు పెక్కుమంది. నేను ఆ చివరనుండి ఈ చివరకు అడుగులు లెక్కపెట్టుకొనుచు నడచితిని. నా యడుగులకు ఎనుబదియైదు.

తూర్ నగరపు బిషప్పైన మార్టిన్ పేరు మీరు ప్రార్థనా సమయమున వినియున్నారు; చలిలో వణకు బిచ్చగానికి తన యంగీని సగము చింపి యిచ్చిన సైనికుడు. 'ఛాపెల్' అను మాట ఆ యంగీ పేరునుండియే పుట్టినది. ఆయన 397 సం॥మున కాంద్ అను చిన్న యూర మరణించెను. దేహము కొఱకు రెండు యూళ్లవారు తగవులాడగా, తూర్‌వారు రాత్రివేళ కిటికీగుండ దించి పడవపై తీసికొనిపోయిరని కథ. అచ్చటినుండి సోమ్యూర్ వఱకు నది ప్రక్కనే తెల్లని మెత్తని రాతికొండలు. కోటలకు రాయి త్రవ్వగా మిగిలిన గుహలలో జనులు ఇండ్లు చేసికొనిరి, పుట్టగొడుగులు పండించుచున్నారు. సోమ్యూర్‌లో ప్రొటెస్టంటులకు పేరుమోసిన విద్యాపీఠ ముండెడిది. 1685 సం॥మున దానిని మూసివేసిరి.

ఆంజే కోటలో చూచినది జన్మమున మఱువరానిది. యోహాను వ్రాసిన ప్రకటన గ్రంథమంతయు బట్టపై నేసిన తెర యది. 14వ శతాబ్దిలో ఆంజూ ప్రభువు నేయించెను. మొదట సుమారు 140 మీటరుల పొడవు. ఇప్పటికి మిగిలినది సుమారు 100. ఫ్రెంచి విప్లవానంతరము దానిని ముక్కలు చేసి, చలికి నారింజచెట్లపై కప్పిరి, గుఱ్ఱపుసాలలలో వాడిరి. 19వ శతాబ్దిలో ఒక గురువు ముక్కలను వెదకి వెదకి కూర్చెను. చీకటిగదిలో ఆ ముక్కల ముందు గంటన్నర నడచితిని. మృగములు, గుఱ్ఱములు, కూలిన బబులోను. ప్రతిచోట ఒక మూల నిలిచి చూచుచున్న యోహాను. అతని ముఖమున భయముకంటె దుఃఖమే యెక్కువ.

నాంత్ చేరునప్పటికి పదియవ దినము. నాల్గవ హెన్రీ 1598 సం॥మున ప్రొటెస్టంటులకు ఆరాధనా స్వేచ్ఛ నొసగు శాసనమును ప్రకటించిన యూరు గనుక, దీనిని చూచుటకే నే నింతదూరము తొక్కితినన వచ్చును. ఆ శాసనమును పదునాలుగవ లూయీ 1685 సం॥మున రద్దు చేసెను. ఆ సంవత్సరమే, ఆ రాజే, తన ద్వీపములలోని నీగ్రో బానిసలను ఎట్లు ఏలవలెనో చెప్పు 'నల్ల శాసనము'ను గూడ వెలువరించెను. ఈ రెండవ సంగతి మన పుస్తకములలో లేదు.

కోటలోని ప్రదర్శనశాలలో ఒక గాజుపెట్టె ముందు నా కాళ్లు నిలిచిపోయినవి. అందులో ఎఱ్ఱని పువ్వులు, తీగలు అద్దిన గుడ్డ. మన పెడన గుడ్డవలె నున్నది. పేరు 'ఆందియెన్', అనగా ఇండియాది. మన తీరపు అద్దకములు ఫ్రెంచివారి కెంత ప్రీతిపాత్రములైనవనగా, తమ నేతగాండ్రు చెడిపోవుదురని 1686 సం॥మున ప్రభుత్వము వానిని నిషేధించినది. 1759 వఱకు ఆ నిషేధము తొలగలేదు. 1669లో గోలకొండ సుల్తాను అనుమతితో మన బందరున నిలిచి, మన పరాసుపేటకు పేరు మిగిల్చినవారు, ఆ 1759లోనే ఆంగ్లేయుల చేతిలో బందరును పోగొట్టుకొనిరి. నిషేధము తొలగిన పిమ్మట నాంత్‌లోనే అద్దకపు శాలలు వెలసినవి. స్థాపించినవారిలో స్విట్జర్లాండునుండి వచ్చిన ప్రొటెస్టంటులు గలరు.

ఆ గుడ్డలు ఎవరికి? ఓడలు నాంత్‌నుండి గుడ్డలు నింపుకొని ఆఫ్రికాకు పోవును. అక్కడ గుడ్డ లిచ్చి మనుష్యులను కొనును. వారిని కరీబియను ద్వీపములలో అమ్మి చక్కెరతో తిరిగివచ్చును. కోరమాండలు తీరపు నీలిగుడ్డలకు ఆ గినీ తీరము పేరే పెట్టిరి. ఈ యొక్క రేవునుండి పోయిన ఓడలు నాలుగున్నర లక్షలకు పైగా మనుష్యులను మోసినవి. ప్రక్క గోడమీద అట్టి యోడ చిత్రము గలదు. అడుగంతస్తున మూడువందలకు పైగా దేహములు వరుసలు వరుసలుగా పరుండబెట్టబడినవి. ఆ యోడ పేరు 'మారీ సెరాఫీక్'. ప్రభువు తల్లి పేరు! నది యొడ్డున 2012 సం॥మున కట్టిన స్మారకమున సుమారు 2,000 గాజుపలకలు నేలలో పొదిగిరి; వానిలో 1,700కు పైగా ఇట్టి యోడల పేళ్లు. సైకిలు చేతపట్టి నడిపించుకొనుచు వానిలో సాధ్యమైనన్ని చదివితిని.

బడి తెఱచిన పిమ్మట తొమ్మిదవ తరగతికి ఈ సంగతులు చెప్పి, నా ఫోనులోని ఆ గుడ్డ పటమును చూపితిని. పెడననుండి వచ్చు ఒక బాలిక లేచి, "మాస్టారూ, గుడ్డ అద్దినవారికి అది దేనికి పోవుచున్నదో తెలియునా?" అని యడిగినది. "బయానా యిచ్చి అద్దించుకొన్న దుబాషీ చెప్పడు గదా అమ్మా, వారికి తెలియక పోవచ్చును" అంటిని. "తెలిసినచో మానుకొందురా?" అని మరల అడిగినది. మానుకొన్నచో వారింట పొయ్యి వెలుగదని ఒక బాలుడును, పొయ్యి వెలుగకున్నను మానవలసినదే యని మఱియొకడును పలుకగా, తరగతి ముగియు గంట మ్రోగునంతవఱకు వాదము సాగినది.

రెండు దినములకు ఆమె తండ్రి బడికి వచ్చెను. వ్రేళ్లకు ఎఱుపు ఇంకను వదలలేదు. పటమును పెద్దదిగ చేసి చాలసేపు చూచి, "ఇది మన చేతిపని కాదు మాస్టారూ. అచ్చుకు అచ్చుకు నడుమ అతుకు కనబడుచున్నది, చూడండి. ఎఱుపు మాత్రము బాగుగ నిలిచినది" అనెను. నాంత్‌లో చేసినదే యని చెప్పితిని. దేనికి వాడిరని అడిగెను. అదియు చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, ఫోను నా చేతి కిచ్చి, కుమార్తెకు లెక్కలలో మార్కు లెట్లు వచ్చుచున్నవని యడిగెను.